స్టార్‌క్రాష్‌ని చూసి నవ్వేవాళ్లతో నా గొడవ

పోయిన నెల ఒక తెలుగు పాడ్‌కాస్ట్ విన్నాను. ఇద్దరు కుర్రాళ్లు గంటకి పైగా 'స్టార్‌క్రాష్' అనే 1978 నాటి ఇటాలియన్ సినిమా గురించి మాట్లాడారు, అంటే ఒక సీన్ చెప్పడం, పడీ పడీ నవ్వడం, మళ్లీ ఇంకో సీన్ చెప్పడం. స్టార్ వార్స్‌ని కాపీ కొట్టబోయి డబ్బుల్లేక ఇలా చుట్టేశారు, ఫ్రెండ్సంతా కూర్చుని ఆటపట్టిస్తూ చూస్తే మంచి టైంపాస్ అని తేల్చేశారు. వాళ్లంటే నాకు గౌరవమే, తెలుగులో ఇలాంటి పాత సినిమాలు ఓపిగ్గా వెతికి పట్టుకుని మాట్లాడేవాళ్లు ఎంతమంది ఉన్నారు చెప్పండి, కానీ ఆ ఎపిసోడ్ మాత్రం నాకు మింగుడుపడలేదు. ఎందుకంటే నాకు ఆ సినిమా ఇష్టం. నవ్వుకోడానికి కాదు, మామూలుగా ఒక సినిమా మీద ఎలా ఇష్టం ఉంటుందో అలాగే ఇష్టం.

నేను హైదరాబాద్‌లో వీఎఫ్ఎక్స్‌లో కంపోజిటింగ్ చేస్తాను. గ్రీన్ మ్యాట్ ముందు నించున్న హీరో వెనకాల కొండలు పెట్టడం, వైర్లు చెరపడం, జుట్టు అంచులు సరిచెయ్యడం, రోజూ ఇదే పని. ఈ సినిమాల్లో ఏ షాట్ ఎక్కడ తేలిపోయిందో నాకు చూసిన వెంటనే తెలిసిపోతుంది. తెలిసి కూడా ఇష్టపడుతున్నానంటే దానికి కారణం చెప్పుకోవాలి కదా, అందుకే ఇంత పెద్ద పోస్ట్.

నేననేది ఇదీ. ఇటలీ వాళ్లు 1970ల చివర్నుంచి 80ల చివరిదాకా హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్‌ని చూసి చవగ్గా తీసిన సినిమాల్లో కాపీ అనేది పోస్టర్ మీద ఉంటుంది, టైటిల్లో ఉంటుంది, మహా అయితే మొదటి పది నిమిషాల్లో ఉంటుంది. ఆ తర్వాత డబ్బులు అయిపోతాయి. హాలీవుడ్ వాడు చేసింది చేసినట్టు దించడానిక్కూడా డబ్బు కావాలి కాబట్టి అక్కణ్ణుంచి వాళ్లు దించలేరు, ఏదో ఒకటి సొంతంగా చెయ్యక తప్పదు, నాకు ఆ సొంతంగా చేసిందే ఇష్టం.

రంగుల నక్షత్రాలు

స్టార్‌క్రాష్ మొదటి షాట్ అచ్చం స్టార్ వార్స్ మొదటి షాటే. పెద్ద ఓడ ఒకటి మన నెత్తిమీంచి అలా వెళ్తూనే ఉంటుంది, దాని పొట్ట కింద బోలెడన్ని ప్లాస్టిక్ ముక్కలు అతికించి ఉంటాయి. సరే, ఇది కాపీ, ఒప్పుకుంటా. కానీ ఆ ఓడ పేరేంటో చూడండి, 'మరే లెయిన్‌స్టర్'. అది ఒక అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత పేరు. లూయీజీ కోజీ అనే ఈ డైరెక్టర్ చిన్నప్పట్నుంచీ ఆ కథల పిచ్చిలో పెరిగినవాడు, 1969లో తీసిన తన మొదటి సినిమాకి కూడా ఫ్రెడరిక్ పోల్ రాసిన కథ తీసుకున్నాడు. డబ్బు కోసం గాలివాటుగా వచ్చి చేతికందింది తీసేసే మనిషైతే ఓడమీద ఆ పేరు రాయడు. పైగా స్టార్‌క్రాష్ కథ రాసేటప్పటికి తను స్టార్ వార్స్ చూడలేదనీ, నవలగా వచ్చిన పుస్తకం మాత్రమే చదివాననీ కోజీయే చెప్పుకున్నాడు.

ఓడ వెళ్లాక ఆకాశం చూడండి. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, పండగకి వేసిన సీరియల్ లైట్లలాగా నక్షత్రాలు. పాడ్‌కాస్ట్‌లో దీనిమీద బాగా నవ్వారు. కానీ అంతరిక్షం అంటే నల్లగా ఉండాలి, నక్షత్రాలు తెల్లచుక్కల్లా ఉండాలి అని మనకి ఎవరు చెప్పారు? హాలీవుడ్ చెప్పింది. వేసవిలో ఊళ్లో డాబా మీద పడుకున్నవాళ్లెవరైనా చూసే ఉంటారు, జ్యేష్ఠ ఎర్రగా ఉంటుంది, చలికాలంలో రోహిణి కూడా ఎర్రగానే కనిపిస్తుంది. కోజీ ఖగోళ శాస్త్రం కోసం ఆ రంగులు పెట్టాడని అనడం లేదు, ఆ ఆకాశం చూస్తే ఒళ్లు పులకరించాలని పెట్టాడు. స్టార్ వార్స్ ఆకాశం దగ్గర నేను ఎప్పుడూ ఆగి చూడలేదు, ఇక్కడ మాత్రం ఆగి చూస్తాను.

ఇంకొంచెం ముందుకెళ్తే హీరోయిన్ స్టెల్లా స్టార్ ఒక సముద్రతీరం ఉన్న గ్రహం మీద దిగుతుంది, అక్కడ ఓ పెద్ద ఆడ విగ్రహం కత్తి పట్టుకుని కదలడం మొదలెడుతుంది, స్టాప్ మోషన్‌లో, అంటే బొమ్మని ఒక్కో ఫ్రేమ్‌కీ కొంచెం జరిపి తీసినది, ఆగి ఆగి. ఇది స్టార్ వార్స్ కాదు. ఇది స్టాప్ మోషన్ మాస్టర్ రే హ్యారీహౌసెన్. సింద్‌బాద్ సినిమాల్లో, గ్రీకు వీరుల సినిమాల్లో విగ్రహాలు లేచి యుద్ధానికొచ్చేవే, అవి. స్టెల్లా స్టార్‌గా వేసిన కెరోలిన్ మన్రో 1973లో వచ్చిన హ్యారీహౌసెన్ సింద్‌బాద్ సినిమాలో నటించింది కూడా. అంటే ఏం జరిగిందంటే, ప్రొడ్యూసర్ కోజీని స్టార్ వార్స్ లాంటిది ఒకటి తియ్యమన్నాడు, కోజీ ఆ డబ్బు తీసుకుని అంతరిక్షంలో సింద్‌బాద్ తీశాడు. ఒక గ్రహం మీద అమెజాన్ స్త్రీలు, ఒక గ్రహం మీద మంచు, ఇంకో చోట గుహ మనుషులు, ఓడ ఒక్కో దీవిలో ఆగినట్టు ఆగుతూ వెళ్తుంది. మన కాశీ మజిలీ కథలు ఇష్టపడ్డవాళ్లకి ఈ సినిమా ఎలా నడుస్తుందో వెంటనే పట్టుబడుతుంది.

చివర్లో విలన్ ఓడమీద దాడి చేసే సీన్ ఉంది, ఆఫీసులో కంప్యూటర్ మీద షాట్లు రెండర్ అయ్యేదాకా ఖాళీగా కూర్చోవాల్సిన ఒక రాత్రి మా జూనియర్లకి అది చూపించాను. మనుషులు పట్టే బంగారు రంగు గొట్టాలు టార్పెడోల్లాగా దూసుకొచ్చి కిటికీ అద్దాలు పగలగొట్టుకుని లోపల పడతాయి, తలుపులు తెరుచుకుంటాయి, ఒక్కోదాంట్లోంచి ఇద్దరేసి సైనికులు లేచి కాల్చడం మొదలెడతారు. ఒక కుర్రాడు, "అన్నా, అద్దం పగిలితే గాలంతా బయటికి పోవాలి కదా" అన్నాడు. పోవాలి, నిజమే. కాసేపయ్యాక మళ్లీ వాడే, "అన్నా ఇంకోసారి వెయ్యి" అన్నాడు. రెండోసారి గాలి సంగతి ఎవరూ అడగలేదు. శత్రువు ఓడలోకి మనుషుల్ని నేరుగా విసిరెయ్యడం అనే ఆలోచన ఆ రోజుల్లో అంత ఖర్చు పెట్టిన సినిమాలకి రాలేదు, వాళ్లకి ఆ అవసరం కూడా లేదు, వాళ్ల దగ్గర లేజర్ యుద్ధాలు చూపించే పరికరాలున్నాయి.

ఇదే సినిమాలో చక్రవర్తిగా క్రిస్టఫర్ ప్లమ్మర్ వేశాడు. షేక్‌స్పియర్ నాటకాలు ఆడిన మనిషి. హీరో బృందం పేలిపోబోతున్న గ్రహం మీద ఇరుక్కుంటే ఆయన తన ఓడని పిలిచి కాలాన్ని ఆపెయ్యమని ఆజ్ఞాపిస్తాడు, ఆకుపచ్చ వెలుగొకటి పడుతుంది, మూడు నిమిషాలు కాలం ఆగుతుంది. ఆ డైలాగ్ ఆయన ఎంత నిబ్బరంగా చెప్తాడంటే, ఈ చక్రవర్తి చెప్తే కాలం ఆగుతుందని నమ్మేస్తాం. జాన్ బ్యారీ మ్యూజిక్ కూడా అంతే, బాండ్ సినిమాలకి ఎంత శ్రద్ధగా చేశాడో దీనికీ అంతే.

ముందు పోస్టర్, తర్వాత సినిమా

వీళ్లంతా ఎందుకింత హడావుడిగా తీశారో కూడా చూడాలి. ఇటలీలో ఇది పాత అలవాటు. 1958లో హెర్క్యులిస్ సినిమా ఆడిందని కండల వీరుల సినిమాలు వరసపెట్టి తీశారు, 1964 తర్వాత కౌబాయ్‌లు, తర్వాత గూఢచారులు, హంతకులు, పోలీసులు, జాంబీలు, ఏది ఆడితే అది, మార్కెట్ మొహం మొత్తేదాకా. అదే కెమెరామెన్, అదే ఫైట్ మాస్టర్లు, అదే సెట్ ముక్కలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి. స్టార్ వార్స్ వచ్చేసరికి వాళ్ల పరిస్థితి అసలు బాలేదు. 1976లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ప్రైవేటు టీవీలకి దారి తెరిచింది, ఇంట్లోనే రోజంతా సినిమాలు, చిన్న ఊళ్లలో రెండో ఆట మూడో ఆట వేసుకునే థియేటర్లు వరసగా మూతపడ్డాయి. 1955లో ఇటలీలో ఏడాదికి 80 కోట్లకి పైగా టికెట్లు తెగేవి, 1980ల మధ్యకొచ్చేసరికి అది 13 కోట్ల లోపుకి పడిపోయింది. ఇంట్లో ఆడదు కాబట్టి బయట అమ్మాలి. మిలాన్‌లో జరిగే సినిమా మార్కెట్‌కి పోస్టరూ టైటిలూ పట్టుకెళ్లడం, అక్కడ వేరే దేశాల కొనుగోలుదార్లు ఒప్పుకుంటే ఆ అడ్వాన్సులతో షూటింగ్ మొదలెట్టడం. మన దగ్గర కాంబినేషన్ చెప్పి ఏరియాలు అమ్మేసేవాళ్లు కదా, అదే పద్ధతి.

అందుకే పేర్లు కూడా మార్చుకునేవాళ్లు. కోజీ లూయిస్ కోట్స్ అయ్యాడు, ఆంటోనియో మార్గెరీటి ఆంథోనీ ఎం. డాసన్ అయ్యాడు, సెర్జియో మార్టీనో మార్టిన్ డోల్మన్ అయ్యాడు. 1979లో 'ది హ్యూమనాయిడ్' తీసిన ఆల్డో లాడో అయితే జార్జ్ బి. లూయిస్ అని పెట్టుకున్నాడు, జార్జ్ లూకాస్‌కి ఎంత దగ్గరగా పోవచ్చో అంత దగ్గరగా. కౌబాయ్ సినిమాలకి పేరుపడ్డ సెర్జియో లియోనే అంతటివాడే 1964లో బాబ్ రాబర్ట్‌సన్ అన్న పేరుతో వచ్చాడు మరి. ఈ పేర్ల సంగతి ఎత్తి వీళ్లని మోసగాళ్లంటారు గానీ నాకు అలా అనిపించదు. హ్యూమనాయిడ్ మ్యూజిక్ ఎన్నియో మొరికోనే చేశాడు, మినియేచర్లు మార్గెరీటి చేశాడు, అమ్మకం కోసం పేరు అబద్ధం గానీ పని అబద్ధం కాదు.

డబ్బింగ్ మీద కూడా నవ్వుతారు, పెదాలు ఒకటి మాట ఇంకోటి అని. ఆ రోజుల్లో ఇటలీలో సెట్‌లో సౌండ్ రికార్డు చేసేవాళ్లు కాదు, ఒకరు ఇంగ్లిష్‌లో ఒకరు ఇటాలియన్‌లో ఎవరి భాషలో వాళ్లు మాట్లాడేసేవాళ్లు, తర్వాత అన్ని భాషల్లోనూ డబ్బింగే. స్టెల్లా స్టార్ గొంతు కూడా కెరోలిన్ మన్రోది కాదు. హీరోయిన్ గొంతు ఇంకొకరిదైతే ఏమైంది అని తెలుగువాళ్లకి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదనుకుంటా.

రెండు రాళ్లు, ఒక గుహ, ఒక నది ఒడ్డు

డబ్బు లేకపోవడం అనేది ఒక్కొక్కరి చేతిలో ఒక్కోలా పనిచేసింది. మారియో బావా 1965లో 'ప్లానెట్ ఆఫ్ ది వాంపైర్స్' తీశాడు, ఇది కాపీల కాలం కంటే ముందుదే గానీ దీన్ని వదిలి మాట్లాడలేను. ఆ గ్రహం మొత్తానికి తన దగ్గరున్నవి రోమ్‌లోని చినెచిత్తా స్టూడియోలో ఏదో పౌరాణిక సినిమా తీశాక మిగిలిపోయిన రెండు ప్లాస్టిక్ రాళ్లు అని బావా చెప్పేవాడు. ఆ రెండింటినీ అటూ ఇటూ జరిపి, అద్దాల్లో వాటి నీడ పట్టి, కింద ఉన్న ఖాళీ నేల కనపడకుండా పొగ నింపి, ఆ పొగమీద ఎర్ర లైటూ నీలం లైటూ వేశాడు. గ్రాఫిక్స్ ఏమీ లేవు, అంతా కెమెరా ముందు జరిగిందే. మా కుర్రాళ్లలో రోటో, అంటే ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మనుషుల అంచులు గీసే పని, చేసే అమ్మాయి ఒకతి ఆ పొగలో మనుషులు నడిచే షాట్ దగ్గర ఆపి, అద్దం అంచు ఎక్కడుందో వెతకడం మొదలెట్టింది. ముందుకీ వెనక్కీ ఫ్రేమ్ ఫ్రేమ్ జరిపి చూసింది, దొరకలేదు. "ఇది మనకిస్తే పది లేయర్లు అవుతుంది సర్" అంది. అదే పొగని ఈ మధ్య మేం ఒక సినిమాకి కంప్యూటర్ సిమ్యులేషన్‌లో చేశాం, చాలా బాగా వచ్చింది, కానీ ఆ పొగలో నడిచే మనుషుల మొహాల్లో ముందేముందో కనపడని భయం లేదు, ఎందుకంటే వాళ్లు నడిచింది ఎయిర్ కండిషన్డ్ ఫ్లోర్‌లో పచ్చ గుడ్డమీద.

1980లో చీరో ఇప్పోలీటో 'ఏలియన్ 2: ఆన్ ఎర్త్' అని ఒకటి తీశాడు. రిడ్లీ స్కాట్ ఏలియన్‌కి దీనికీ ఏ సంబంధమూ లేదు, పేరు మాత్రం వాడేసుకున్నాడు, సమర్థించలేం. కానీ ఓడ లోపలి సొరంగాల్లాంటి వరండాలు కట్టడానికి డబ్బు లేదు కదా, అందుకని దక్షిణ ఇటలీలో పూల్యా ప్రాంతంలో ఉన్న కాస్టెల్లానా గుహల్లోకి దిగిపోయాడు. గుహలు చూడ్డానికి వెళ్లిన కొంతమంది, వాళ్లతోపాటు లోపలికొచ్చిన ఒక నీలం రాయి. మన బొర్రా గుహల్లో పైనుంచి వేలాడే రాళ్లు చూసినవాళ్లకి తెలుస్తుంది, అలాంటి చోటికి సెట్ అక్కర్లేదు, లైటు ఎటు వేసినా భయంగానే ఉంటుంది. ఏలియన్‌లో భయం బయటికి పోలేకపోవడంలో ఉంటుంది, బయట శూన్యం కాబట్టి. ఇక్కడ పైన భూమే ఉంది, ఇల్లు ఉంది, కానీ పైకి వచ్చేసరికి పైన ఏముందన్నదే భయం. ఇది వేరే భయం, ఒరిజినల్లో లేనిది.

ఇక నాకన్నిటికంటే ఇష్టమైనది ఎంజో కాస్టెల్లారి 1982లో తీసిన '1990: ది బ్రాంక్స్ వారియర్స్'. 'ది వారియర్స్'లో గ్యాంగులూ 'ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్'లో వదిలేసిన నగరమూ కలిపేసిన కథ. ఇక్కడ విచిత్రం ఏంటంటే, ఒరిజినల్ ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్ ఎక్కువ భాగం తీసింది న్యూయార్క్‌లో కాదు, సెయింట్ లూయిస్‌లో. దాన్ని చూసి తీసిన ఇటలీ వాళ్లు మాత్రం ఇండోర్ సీన్లు రోమ్‌లో చేసుకుని, బయటి సీన్ల కోసం నిజంగా న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వెళ్లారు. అప్పటికి పదేళ్లుగా ఆ పేటలో ఇళ్లు తగలబడిపోతున్నాయి, వీధులకి వీధులు ఖాళీ. సెట్ వెయ్యడానికి డబ్బు లేక నిజం దగ్గరికి పోయారు. అందుకే వెనకాల కూలిన గోడలు చూస్తే అది భవిష్యత్తు అనిపించదు, ఎవరో నిన్నటిదాకా ఉండి వెళ్లిపోయిన ఇల్లు అనిపిస్తుంది. అవును, ఎవరూ అడుగుపెట్టని ప్రాంతం అని చెప్పిన చోట వెనకాల వంతెనమీద మామూలు కార్లు పోతుంటాయి, కనపడుతుంది.

ఆ సినిమాలోనే నది ఒడ్డున రెండు గ్యాంగులు మాట్లాడుకునే సీన్ ఉంది. బైకులన్నీ వరసగా నిలబెట్టి ఉంటాయి, ముందు పుర్రెలు తగిలించినవి. అక్కడే ఒకడు డ్రమ్స్ సెట్ ముందేసుకుని వాయిస్తూ ఉంటాడు. ఎవడు, ఎందుకు వాయిస్తున్నాడు, ఎవరూ చెప్పరు. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ ఆ డ్రమ్స్ మోగుతూనే ఉంటాయి, మాటల మధ్య ఉద్రిక్తత అంతా ఆ చప్పుడు మొయ్యాల్సిందే. ఎన్నిసార్లు చూసినా ఆ సీన్ దగ్గర నేను కదలను. హాలీవుడ్ స్క్రిప్టులో ఇలాంటిది ఉంటే ఎవడీ డ్రమ్మర్ అని మీటింగ్‌లో అడిగి తీయించేసేవాళ్లు.

అసలు ఎవరిది ఎవరు తీసుకున్నారు

కాపీ, కాపీ అంటున్నాం గానీ తవ్వితే లెక్క తేలదు. బావా సినిమాలో ఓడ సిబ్బంది ఎప్పుడో కూలిపోయిన ఇంకో ఓడలోకి వెళ్తే అక్కడ రాక్షసుడంత అస్థిపంజరాలు కనపడతాయి. 14 ఏళ్ల తర్వాత ఏలియన్‌లో అదే సీన్ ఉంది. ఏలియన్ రాసిన డాన్ ఓబానన్‌కి బావా సినిమా సంగతి తెలుసని తర్వాత ఆయనే చెప్పాడు. ఏలియన్‌ని చూసి మళ్లీ కోజీ 1980లో 'కంటామినేషన్' తీశాడు, కాఫీ మోసుకొచ్చే ఓడలో ఆకుపచ్చ గుడ్లు, అవి పగిలి మీద పడితే మనుషులు పేలిపోవడం, గోబ్లిన్ అనే రాక్ బ్యాండ్ మ్యూజిక్. ఇక్కడ దొంగ ఎవరు?

జేమ్స్ కామెరాన్‌ది ఇంకా గమ్మత్తు. ఆయన డైరెక్టర్‌గా మొదలైంది ఒక ఇటాలియన్ ప్రొడ్యూసర్ తీసిన 'పిరానా 2'తో. మధ్యలో ఆయన్ని పక్కన పెట్టేశారు. ఆ గొడవల్లో రోమ్‌లో ఉన్నప్పుడు జ్వరంతో పడుకుంటే కలలో మంటల్లోంచి ఒక లోహపు అస్థిపంజరం పాక్కుంటూ వచ్చింది, అదే టెర్మినేటర్. అంటే టెర్మినేటర్ పుట్టిందే రోమ్‌లో, ఇటలీ వాళ్ల చవక సినిమా పని మధ్యలో. తర్వాత 1989లో బ్రూనో మట్టేయి 'షాకింగ్ డార్క్' తీసి, కామెరాన్ అసలు రెండో భాగం తియ్యకముందే ఇటలీలో దాన్ని టెర్మినేటర్ 2 పేరుతో వదిలాడు.

మనం కూడా ఈ గొలుసులో ఉన్నాం. జపాన్ డైరెక్టర్ కురొసావా సినిమాని లియోనే చెప్పకుండా కౌబాయ్ సినిమాగా మార్చేశాడు, కురొసావా వాళ్లు గట్టిగా అడిగి వాటా తీసుకున్నారు. ఆ ఇటాలియన్ కౌబాయ్‌లని చూసి 1971లో కృష్ణ, కె.ఎస్.ఆర్. దాస్, ఆరుద్ర కలిసి 'మోసగాళ్లకు మోసగాడు' తెచ్చారు, రాజస్థాన్ ఎడారిలో తెలుగు కౌబాయ్. దాన్ని ఇవాళ ఎవరూ కాపీ అని తీసిపారెయ్యరు, తెలుగులో మొదటి కౌబాయ్ సినిమా అని గర్వంగా చెప్పుకుంటాం. నాక్కూడా గర్వమే. అదే మర్యాద కాస్టెల్లారికీ కోజీకీ ఎందుకివ్వం?

నన్ను ఇబ్బంది పెట్టే విషయాలు

ఇంతా చెప్పాక ఎదురు వాదనలు దాచలేను. మొదటిది, ఈ వరసలో వచ్చినవన్నీ బావుంటాయని కాదు. ఆల్ఫోన్సో బ్రెషా 1977 నుంచి వరసపెట్టి అంతరిక్షం సినిమాలు చుట్టేశాడు, అవే డ్రెస్సులు, అవే సెట్లు, ఒకదాంట్లో రోబోలందరికీ బంగారు రంగు విగ్గులు. నేను చాలా ఇష్టంగా మొదలెట్టాను గానీ వాటిలో పట్టుకోడానికి ఏమీ దొరకలేదు, మనుషులు గదిలో నిలబడి మీటలు నొక్కుతూ మాట్లాడతారు, అంతే. డబ్బు లేకపోతే చాలు మాయ వచ్చేస్తుంది అనే మాటకి బ్రెషా సినిమాలే జవాబు. డబ్బు లేకపోవడం దారి మూసేస్తుంది, ఇంకో దారి వెతికే మనిషి ఉంటేనే సినిమా.

మట్టేయి సంగతి ఇంకోరకం. షాకింగ్ డార్క్ పేరు టెర్మినేటర్‌ది, కథేమో 'ఏలియన్స్'ది, సీన్లకి సీన్లు, డైలాగులకి డైలాగులు ఎత్తేశారు. వెనిస్ కింద సొరంగాల్లో జరుగుతుంది, విషమెక్కిన వెనిస్ అన్న ఆలోచన నిజంగా మంచిది, నాకు ఆ మొదటి కాసేపు నచ్చుతుంది. కానీ ఇంకొకరి కష్టాన్ని అంత నేరుగా ఎత్తుకొచ్చినప్పుడు నేను ఏ వాదన చెప్పినా నిలబడదు. జాస్‌ని చూసి కాస్టెల్లారి తీసిన షార్క్ సినిమాని కూడా యూనివర్సల్ వాళ్లు కోర్టుకెక్కి అమెరికా థియేటర్లలోంచి తీయించేశారు, అందులో నాకు అన్యాయమేమీ కనపడలేదు.

రెండోది ఇంకా బరువైనది. 1985లో మార్టీనో 'హ్యాండ్స్ ఆఫ్ స్టీల్' షూటింగ్‌లో, అది టెర్మినేటర్ చూసి తీసిందే, అరిజోనాలో హెలికాప్టర్ కూలి క్లాడియో కాసినెల్లి అనే నటుడు చనిపోయాడు. మంచి నటుడు. ఆ సినిమా పెట్టినప్పుడల్లా ఆ హెలికాప్టర్ సీన్లు వచ్చేసరికి నాకు చూడబుద్ధి కాదు. డబ్బున్న సెట్లలో ఇలా జరగదని కాదు, బ్రాంక్స్ వారియర్స్‌లో విలన్‌గా వేసిన విక్ మారో అదే 1982లో హాలీవుడ్ సెట్ మీద హెలికాప్టర్ కిందే పోయాడు, ఇద్దరు చిన్నపిల్లలతో సహా. కానీ అది దీనికి సమాధానం కాదు. చవగ్గా, తొందరగా, ధైర్యంగా అని మనం మెచ్చుకునే ప్రతిదాని వెనకా ఎవరో ఒకరి ప్రాణం పణంగా ఉండి ఉండొచ్చు. నా ఫీల్డ్‌లో నైట్లు చేసి ఆరోగ్యం పాడు చేసుకున్నవాళ్లని రోజూ చూస్తాను, కాబట్టి పేదరికంలోనే కళ పుడుతుంది అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను చెప్పేది అది కాదు. వాళ్లకి డబ్బు ఉంటే బావుండేది. లేనప్పుడు వాళ్లు చేసినదాన్ని చిన్నచూపు చూడొద్దంటున్నా.

మూడోది మా తమ్ముడు అడిగిన ప్రశ్న. "చవక కాపీలంటే అంత ప్రేమైతే మరి ఇప్పుడొచ్చే అమెరికన్ చవక కాపీలు ఎందుకు చూడవు" అన్నాడు. 2007లో ట్రాన్స్‌ఫార్మర్స్ వచ్చినప్పుడు ట్రాన్స్‌మార్ఫర్స్ అని వదిలారు కదా, ఆ టైపు. వాడన్నదాంట్లో పాయింట్ ఉంది, దానిమీద బాగా ఆలోచించాను. నాకు తట్టింది ఏంటంటే, ఆ సినిమాలు తీసేవాళ్లకి తాము తీస్తున్నది చెత్త అని తెలుసు, అది ప్రేక్షకుడికి కూడా తెలిసేలా కన్ను కొడుతూ తీస్తారు. కాస్టెల్లారి ఎక్కడా కన్ను కొట్టలేదు. ప్లమ్మర్ కాలాన్ని ఆపమన్నప్పుడు కన్ను కొట్టలేదు. ఇంకోటి, కంప్యూటర్ వచ్చాక తక్కువ డబ్బుతో కూడా ఒరిజినల్ ఆకారాన్ని ఎంతోకొంత దించేయొచ్చు, నాసిరకంగానైనా సరే అదే రోబో అదే పేలుడు. దించే వీలుంటే ఇంకో దారి ఎవరూ వెతకరు. ఇది వాళ్ల తప్పు మాత్రమే కాదు, మాదీ అంతే. ఈ మధ్య చేసిన ఒక ప్రాజెక్టులో రెఫరెన్స్ అని ఒక హాలీవుడ్ సినిమా షాట్ పంపి ఇదే కావాలన్నారు, ఇలాంటిది కాదు, ఇదే. మేం చేశాం. పక్కపక్కన పెడితే తేడా పట్టలేరు, అందరూ మెచ్చుకున్నారు. అందులో మా చెయ్యి ఎక్కడుందో నేను కూడా చూపించలేను. కోజీ విగ్రహం కదిలేటప్పుడు ఆగి ఆగి కదులుతుంది, ఒక్కో ఫ్రేమ్‌కీ ఒక మనిషి దాన్ని కొంచెం జరిపాడని తెలుస్తుంది.

ఎలా చూడాలి

ఇంకొక్క విషయం చెప్పాలి, ఇది అభిప్రాయం కూడా కాదు, చాలామందికి ఈ సినిమాలు చెత్తగా కనపడటానికి సగం కారణం వాళ్లు చూసిన ప్రింటు. బ్రాంక్స్ వారియర్స్ వెడల్పాటి తెర కోసం తీసింది, కాస్టెల్లారి వెస్టర్న్‌లు తీసి వచ్చినవాడు కాబట్టి ఈ చివర ఒక మనిషి ఆ చివర ఒక మనిషి, మధ్యలో ఖాళీ, అలా పెడతాడు ఫ్రేము. వీడియో క్యాసెట్ల రోజుల్లో టీవీ పెట్టెకి సరిపడా రెండు పక్కలా కోసేశారు, ఆ కోసిన ప్రింటే యూట్యూబ్‌లో తిరుగుతోంది, దాంట్లో ఒక్కోసారి మాట్లాడే మనిషి ముక్కు మాత్రమే కనపడుతుంది. బావా పొగ రంగులు పాత ప్రింట్లలో బురద నీళ్లలా ఉంటాయి. ఇప్పుడు చిన్న చిన్న కంపెనీలు నెగెటివ్ నుంచి స్కాన్ చేసి మంచి బ్లూరే డిస్కులు వేశాయి, వీలైతే అవి పట్టుకోండి. మొదట ప్లానెట్ ఆఫ్ ది వాంపైర్స్ చూడండి, గదిలో లైటు ఆపేసి, ఒక్కరే. తర్వాత బ్రాంక్స్ వారియర్స్. అవి నచ్చితేనే స్టార్‌క్రాష్, అది కూడా ఫోన్లో కాదు, ఇంట్లో ఉన్నవాటిల్లో పెద్ద స్క్రీన్ మీద. బ్రెషావి వదిలెయ్యండి. హ్యూమనాయిడ్ మాత్రం చూసినవాళ్లు కింద రాయండి, అందులో రోబో కుక్క ఉన్న సీన్ల గురించి మా ఆఫీసులో ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు, నాకైతే ఆ కుక్క బావుంది.